కొలువు సరే.. మనసు పెట్టారా?

భూపాలపల్లిలో ఏ చాయ్ హోటల్ దగ్గర నలుగురు కుర్రాళ్లు కూడినా మాట తిరిగి తిరిగి ఉద్యోగం దగ్గరికే వస్తుంది. సింగరేణి నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది? జెన్‌కోలో ఖాళీలు ఎన్ని? ఫలానా వాళ్ల పిల్లగానికి నాన్న కొలువు వచ్చిందట, ఎక్కడ వేశారు? సర్ఫేసా, అండర్‌గ్రౌండా? కట్టింగులు పోను చేతికి ఎంత వస్తుంది? ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. పొట్టకూటి సంగతి ముందు తేలాలి కదా. కానీ ఉద్యోగం వచ్చి ఏడాది దాటిన వాడిని పట్టుకుని ‘పని ఎట్లుంది? నచ్చిందా? చేయగలుగుతున్నవా?’ అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా ‘ఏదో నడుస్తుంది’ అనే జవాబే ఎక్కువ.

ఆ ‘ఏదో నడుస్తుంది’ వెనకాల ఏముందో ఈ వారం మాట్లాడుకుందాం. ఎందుకంటే 25 ఏళ్లకు ఉద్యోగంలో చేరినవాడు దాదాపు 35 ఏళ్లు ఆ పనితోనే బతకాలి. పరీక్ష కోసం రెండేళ్లు, మూడేళ్లు చదువుతాం. ఆ పని మనకు సరిపోతుందా, ఆ పనికి మనం సరిపోతామా అని ఒక్క సాయంత్రం కూడా కూర్చుని ఆలోచించం.

మూడు మాటలు, మూడు అంతస్తులు

మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో విలువలు, వైఖరి, ప్రవర్తన అనే మూడు మాటలు కనిపిస్తాయి. ఎంబీఏ చదివినవాళ్లకు ఇవి పరీక్షలో వచ్చే పది మార్కుల ప్రశ్న. ఉద్యోగం చేసేవాడికి రోజూ ఎదురయ్యే సంగతి.

విలువ అంటే బతుకులో మీకు ఏది ముఖ్యమో అది. భద్రతా, గౌరవమా, స్వేచ్ఛా, కుటుంబానికి దగ్గరగా ఉండటమా, నలుగురికి పనికి రావడమా? అమెరికా మనస్తత్వవేత్త మిల్టన్ రొకీచ్ 1973లో ఈ విలువలను రెండు వరుసలుగా పేర్చాడు. ఒక వరుస చేరాల్సిన గమ్యాలది. రెండో వరుస నిజాయితీ, బాధ్యత, ధైర్యం వంటి నడిచే పద్ధతులది. ఒక్కో వరుసలో 18. వాటిని మీకు ముఖ్యమైన క్రమంలో రాయమంటాడు. రాయడం మొదలుపెడితే తెలుస్తుంది, అన్నీ ముఖ్యమే అనుకున్నవాడికి ఏది ముందో చెప్పడం ఎంత కష్టమో!

వైఖరి అంటే ఒక నిర్దిష్టమైన విషయం మీద మన మనసు ఎటు మొగ్గి ఉందన్నది. ‘బాయి పని చిన్నపని’ అన్నది ఒక వైఖరి. ‘బాయి పని కష్టమే కానీ అందులో నేర్చుకునేది ఉంది’ అన్నది ఇంకో వైఖరి. పని ఒకటే. రెండు వైఖరుల కిందా రెండు వేర్వేరు విలువలున్నాయి. మొదటివాడికి పదిమందిలో హోదా ముఖ్యం. రెండోవాడికి చేతికి విద్య రావడం ముఖ్యం.

ఇక ప్రవర్తన బయటికి కనిపించేది. డ్యూటీకి టైముకు రావడం, రాకపోవడం, తోటివాడికి చేయి అందించడం, చూసీ చూడనట్టు పోవడం.. ఇవన్నీ అందులోకే వస్తాయి. మనం ఎవరినైనా తప్పుపట్టేది ప్రవర్తనను చూసే. కింది రెండు అంతస్తుల్లోకి తొంగి చూడం. అందుకే మనం చెప్పే నీతులు, యాజమాన్యం ఇచ్చే నోటీసులు చాలాసార్లు పనిచేయవు.

జీతం వదులుకున్న 35 రోజులు

విలువ మనిషిని ఎంత దూరం నడిపిస్తుందో తెలుసుకోవడానికి విదేశీ ఉదాహరణలు అక్కర్లేదు. 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు 35 రోజుల పాటు గనుల్లోకి దిగలేదు. దసరా, బతుకమ్మ కూడా ఆ రోజుల్లోనే వచ్చి వెళ్లాయి. ఇంట్లో పిల్లల ఫీజులున్నాయి, బ్యాంకు కిస్తులున్నాయి. అయినా నెల జీతం కన్నా పెద్దదనుకున్నది ఒకటి కళ్ల ముందుంది కాబట్టి నిలబడ్డారు. ఆ సమ్మెను మీరు సమర్థించినా, సమర్థించకపోయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. మనిషి డబ్బు కోసమే పనిచేస్తాడని, డబ్బు ఆపితే లొంగుతాడని అనుకునేవాళ్ల లెక్క అక్కడ తప్పింది.

2016 అక్టోబర్ 11న ఏర్పడిన మన జిల్లాకు ప్రొఫెసర్ జయశంకర్ పేరు పెట్టుకున్నాం. ఆయన ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు, కాకతీయ యూనివర్సిటీ వైస్ చాన్స్‌లర్‌గా పనిచేశారు. ఉద్యోగం చేస్తూనే తను నమ్మిన దానికోసం దశాబ్దాలు మాట్లాడారు, రాశారు. కొలువును, నమ్మకాన్ని పక్కపక్కన నడిపించడం సాధ్యమేనని చెప్పడానికి ఆ పేరు చాలు.

నాన్న కొలువు, కొడుకు బరువు

ఇప్పుడు కాస్త ఇబ్బంది కలిగించే మాట. సింగరేణిలో అనారోగ్యంతో పనిచేయలేని స్థితికి వచ్చిన కార్మికుడిని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే, ఇంట్లో అర్హులైన వారసులకు ఉద్యోగం దొరుకుతుంది. 2016 చివర్లో ప్రకటించిన వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసిన తర్వాత, కారుణ్య నియామకాల పేరుతో ఈ దారి మిగిలింది. దీని ద్వారా బీటెక్‌లు, ఎంబీఏలు, పీజీలు చదివిన యువకులు వందల్లో కాదు వేలల్లో గనుల్లోకి వచ్చారు. చేరేది మాత్రం జనరల్ మజ్దూర్ స్థాయిలో.

అలా చేరిన కుర్రాడి మనసులోకి ఒక్కసారి తొంగి చూడండి. నాలుగేళ్లు కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం కోసం చదివాడు. హైదరాబాద్‌లో రెండేళ్లు కోచింగ్‌లు తిరిగాడు. ఇప్పుడు తలకు టోపీ, నడుముకు బ్యాటరీ కట్టుకుని, తట్టా చెమ్మాసు పట్టుకుని చీకట్లోకి దిగాలి. ‘ఇందుకేనా చదివింది?’ అన్న ప్రశ్న మొదటి రోజే మొదలవుతుంది. అది తప్పు కాదు. ఎవరికైనా వస్తుంది. ఆ ప్రశ్నకు తను ఇచ్చుకునే జవాబును బట్టి మిగతాదంతా నడుస్తుంది.

కొందరు నెల తిరగకముందే సర్ఫేస్ పోస్టింగ్ కోసం పైరవీలు మొదలుపెడతారు. ఎవరో ఒకరి చేతిలో డబ్బు పెడతారు. దళారులను నమ్మవద్దని సంస్థ ఎన్నిసార్లు చెప్పినా ఆ దందా ఆగడం లేదు. అది కుదరకపోతే డ్యూటీలు ఎగ్గొట్టడం మొదలవుతుంది. మస్టర్లు తగ్గుతాయి. చార్జిషీటు వస్తుంది, విచారణ వస్తుంది. కొందరి కథ డిస్మిస్ దాకా పోతుంది. నాన్న ఊపిరితిత్తుల్లో దుమ్ము నింపుకుని సంపాదించిన కొలువు మూడేళ్లలో చేజారిపోయిన ఇళ్లు కోల్‌బెల్టులో కొత్త కాదు.

ఇంకొందరు వేరే జవాబు ఇచ్చుకుంటారు. ‘చేరిందైతే మజ్దూర్‌గానే, ఉండిపోవాలని ఎక్కడ రాసి ఉంది?’ అనుకుంటారు. ఈ రెండో దారి గురించి మన పిల్లలకు సరిగా చెప్పేవాళ్లు లేరు. గనుల భద్రతా డైరెక్టరేట్, అంటే డీజీఎంఎస్, మైనింగ్ సర్దార్, ఓవర్‌మెన్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్లకు పరీక్షలు పెడుతుంది. గనిలో పనిచేసిన అనుభవం లేకుండా వీటికి అర్హత రాదు. గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్లూ కావాలి. అర్థమైందా? అండర్‌గ్రౌండ్ తప్పించుకోవడానికి డబ్బులిచ్చి పైకి వచ్చినవాడు తన నిచ్చెనను తనే తీసి పక్కన పెట్టినట్టు. అదే చీకట్లో నాలుగేళ్లు కుదురుగా పనిచేసినవాడికి ఆ మస్టర్లే మెట్లవుతాయి.

ఇద్దరి మధ్యా తేడా తెలివిలో లేదు, చదువులో లేదు. పని మీద పెట్టుకున్న చూపులో ఉంది.

తప్పంతా కుర్రాళ్లదేనా?

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం పెద్దమనుషులు చెప్పే నీతిపాఠం అవుతుంది. ‘ఈ కాలం పిల్లలకు ఒళ్లు వంగదు’ అనేది అందరికీ అలవాటైన మాట. కానీ వైఖరి గాల్లోంచి ఊడిపడదు. పని జరిగే తీరు కూడా దాన్ని తయారు చేస్తుంది. ఈ సంగతిని ప్రపంచానికి చాటిన అధ్యయనాల్లో బాగా పేరున్నది ఒక బొగ్గుగనిలోంచే వచ్చిందని మీకు తెలుసా?

ఇంగ్లండ్‌లో ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫర్త్ అనే ఇద్దరు 1951లో ఒక పరిశోధన పత్రం రాశారు. బామ్‌ఫర్త్ అంతకుముందు స్వయంగా గని కార్మికుడు. పాత పద్ధతిలో అక్కడి గనుల్లో ఇద్దరు ముగ్గురు కలిసి చిన్న జట్టుగా పనిచేసేవారు. జట్టులో ఎవరుండాలో వాళ్లే ఎంచుకునేవారు. బొగ్గు కొట్టడం, నింపడం, పైకప్పుకు దిమ్మెలు నిలపడం అన్నీ ఆ జట్టే చూసుకునేది. తర్వాత లాంగ్‌వాల్ యంత్రాలు వచ్చాయి. పని మూడు షిఫ్టులుగా విడిపోయింది. ఒక షిఫ్టు కోస్తుంది, ఒక షిఫ్టు కన్వేయర్ జరుపుతుంది, ఒక షిఫ్టు నింపుతుంది. నలభై యాభై మంది పనిచేస్తున్నా ఒకరికి ఒకరు తెలియదు. ముందు షిఫ్టు వాళ్లు పని సగంలో వదిలేస్తే తర్వాతి షిఫ్టు వాళ్ల నెత్తిన పడుతుంది. యంత్రం వచ్చాక ఉత్పత్తి ఆశించినంత పెరగలేదు. గైర్హాజరు పెరిగింది. తప్పు మీదంటే మీదని షిఫ్టులు తిట్టుకోవడం మొదలైంది.

ఆ కార్మికులు సోమరులు కాదు. నిన్నటిదాకా బాగా పనిచేసినవాళ్లే. పని పంచిన తీరు వాళ్లలోని ‘ఇది నా పని’ అనే భావాన్ని చంపేసింది. తర్వాతి పరిశోధనల్లో అదే యంత్రాలతో పని చేస్తూ, బాధ్యతను మాత్రం మొత్తం జట్టుకు అప్పగించిన చోట గైర్హాజరు సగానికి పైగా తగ్గినట్టు ట్రిస్ట్ బృందం చూపించింది. యంత్రం మారలేదు, మనుషులు అలాంటివాళ్లే, మారింది వాళ్లకు ఇచ్చిన గౌరవం.

కాబట్టి మన దగ్గర కుర్రాడు డ్యూటీకి రావడం లేదంటే అతన్ని అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నట్టే, అధికారిని అడగాల్సినవీ కొన్ని ఉన్నాయి. చేరిన మొదటి వారంలో ఎవరైనా కూర్చోబెట్టి పని చెప్పారా? అతని చదువేమిటో అడిగారా? పై మెట్టు ఎక్కాలంటే ఏం చేయాలో చూపించారా? బీటెక్ చదివినవాడిని ‘ఒరేయ్’ అని పిలిచే చోట పని మీద ప్రేమ పుట్టమంటే ఎట్లా పుడుతుంది?

మాటల్లో రక్షణ, చేతల్లో?

మిగతా ఆఫీసుల్లో వైఖరి బాగాలేకపోతే ఫైలు ఆలస్యమవుతుంది. గనిలో ప్రాణం పోతుంది. అందుకే మన ప్రాంతంలో ఈ చర్చకు బరువెక్కువ.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఇరవై ఏళ్లు దాటినా ఆ పేరు చెబితే కోల్‌బెల్టులో పాతవాళ్లు ఇప్పటికీ ఒక క్షణం ఆగిపోతారు. అలాంటి ప్రమాదాల జ్ఞాపకంతోనే ఏటా రక్షణ పక్షోత్సవాలు చేస్తారు. ప్రతిజ్ఞ చేస్తారు. ‘రక్షణే ప్రథమం’ అని గోడల మీద రాస్తారు. అడిగితే ప్రతి ఒక్కరూ అదే మాట చెబుతారు. మరి షిఫ్టు అయిపోయే టైములో, టార్గెట్ ఇంకో రెండు టబ్బులు మిగిలి ఉన్నప్పుడు, సపోర్టు లేని కప్పు కిందికి ఒక్క నిమిషం కోసం వెళ్లేది ఎవరు?

చెప్పే మాటకు, చేసే పనికి మధ్య ఉండే ఈ దూరం మనకే ప్రత్యేకం కాదు. అమెరికాలో రిచర్డ్ లాపియర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1930ల్లో ఒక చైనా జంటతో కలిసి దేశమంతా తిరిగాడు. ఆ రోజుల్లో అక్కడ చైనావాళ్లంటే చిన్నచూపు. అయినా 251 హోటళ్లు, బస చేసే చోట్లలో ఒకే ఒక్క చోట కాదన్నారు. తర్వాత అవే చోట్లకు ఉత్తరం రాసి ‘చైనావాళ్లను రానిస్తారా’ అని అడిగితే, జవాబిచ్చినవాళ్లలో 90 శాతానికి పైగా రానివ్వమన్నారు! మాట ఒకటి, చేత ఇంకోటి. ఈ అధ్యయనం 1934లో అచ్చయినప్పటి నుంచీ పరిశోధకులు అడుగుతున్నది ఒక్కటే. వైఖరి ఎప్పుడు చేతగా మారుతుంది?

వాళ్లు చెప్పిన జవాబుల్లో మనకు పనికొచ్చేవి రెండు. ఆ వైఖరి వినికిడితో కాకుండా సొంత అనుభవంతో వచ్చిందైతే అది చేతగా మారుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా అలాగే నడుచుకుంటే ఇంకా గట్టిగా మారుతుంది. కప్పును కర్రతో తట్టి, గట్టి శబ్దం వస్తుందా, బోలు శబ్దం వస్తుందా అని చెవి పెట్టి వినే సర్దార్ పక్కన ఆరు నెలలు పనిచేసిన కుర్రాడికి పోస్టర్లు అక్కర్లేదు. అదే సీనియర్ ‘ఏం కాదు పోరా’ అనే రకమైతే ఎన్ని ప్రతిజ్ఞలు చేయించినా దండగ. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందన్న సామెత గనుల్లో అక్షరాలా నిజం.

‘సార్, ఇక్కడ కప్పు బాగలేదు, సపోర్టు పెట్టేదాకా నేను పోను’ అని చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ మాట అన్నవాడిని పిరికివాడిగా చూడని జట్టు కావాలి. మొదటిది మీ విలువ. రెండోది మీ పనిచోటు విలువ.

చూసేవాళ్లు లేనప్పుడు..

గనికి వెళ్లనివాళ్లు ఇది మాకు సంబంధించింది కాదనుకోవద్దు. మన జిల్లాలోనే, మహదేవపూర్ మండలంలో మేడిగడ్డ బరాజ్ ఉంది. 2019 జూన్‌లో ప్రారంభమైంది. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. బాధ్యత ఎవరిదన్న వాదనలు రాజకీయ నాయకులకు, విచారణలకు వదిలేద్దాం. ఇంజినీరింగ్ చదువుతున్న మీరు మాత్రం ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. ఏ కట్టడంలోనైనా కంటికి కనిపించే భాగం కన్నా నీటి కింద, మట్టి కింద ఉండే భాగమే ఎక్కువ బరువు మోస్తుంది. అక్కడ జరిగే పనిని రేపు ఎవరూ చూడరు. కొలత పుస్తకంలో సంతకం పెట్టే ఏఈ, కాంక్రీటు వేసే మేస్త్రీ, నాణ్యత పరీక్ష చేసే కుర్రాడు ఆ పూట ఏం చేశారన్నదే మిగులుతుంది.

చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం కంట్రోల్ రూములో రాత్రి మూడు గంటలకు లాగ్‌బుక్ రాసే ఆపరేటర్‌కైనా, మారుమూల సబ్‌సెంటర్‌లో టీకాల రిజిస్టర్ నింపే ఏఎన్ఎంకైనా ఇదే వర్తిస్తుంది. చూడకుండానే రీడింగ్ రాసేయొచ్చు, ఎవరికీ తెలియదు. ఆ క్షణంలో మీ చేతిని ఆపేది రూలు కాదు, మీరు ముందే తేల్చుకుని పెట్టుకున్న విలువ. ఇంటర్వ్యూల్లో ‘మీ పైఅధికారి తప్పుడు లెక్క రాయమంటే ఏం చేస్తారు?’ అని అడిగేది కూడా ఇందుకే. బట్టీ పట్టిన జవాబు వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

తృప్తి ఎక్కడ దొరుకుతుంది?

ఒకే బ్యాచ్, ఒకే జీతం, ఒకే గని. ఒకడు హాయిగా ఉంటాడు, ఇంకొకడు రోజూ తిట్టుకుంటాడు. ఎందుకు? ఎడ్విన్ లాక్ అనే పరిశోధకుడు 1970ల్లో దీనికి సులువైన లెక్క చెప్పాడు. మీరు కోరుకున్నదానికి, మీకు దొరికినదానికి మధ్య తేడా ఎంత? ఆ కోరుకున్నది మీకు ఎంత ముఖ్యం? ముఖ్యం కాని దానిలో తేడా ఉన్నా బాధించదు. ముఖ్యమైన దానిలో కొంచెం తేడా ఉన్నా ముల్లులా గుచ్చుతుంది. ఊళ్లో అమ్మానాన్నలకు దగ్గరగా ఉండటమే ముఖ్యమనుకునేవాడికి భూపాలపల్లిలో మజ్దూర్ ఉద్యోగం వరం. కొత్త టెక్నాలజీ మీద పనిచేయాలని తపించేవాడికి అదే ఉద్యోగం జైలు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. తమకేం కావాలో ముందు చూసుకోకపోవడమే తప్పు.

ఇంకో లెక్క పోలికది. 1960ల్లో స్టేసీ ఆడమ్స్ చెప్పినట్టు, మనిషి తనకెంత వచ్చిందనే కాదు, పక్కవాడు ఎంత పని చేసి ఎంత తీసుకున్నాడని కూడా చూస్తాడు. మన దగ్గరే చూడండి. 2023-24 లాభాల్లో పెట్టుబడులకు పక్కన పెట్టగా మిగిలిన 2,412 కోట్ల రూపాయల్లో 33 శాతం, అంటే 796 కోట్లు సింగరేణి కార్మికులకు పంచారు. సగటున ఒక్కొక్కరికి 1.90 లక్షలు. కాంట్రాక్టు కార్మికులకు తొలిసారి బోనస్‌గా 5,000 రూపాయలు ఇచ్చారు. తొలిసారి ఇవ్వడం మంచి అడుగే. కానీ ఒకే దుమ్ములో, ఒకే షిఫ్టులో పక్కపక్కన పనిచేసిన ఇద్దరిలో ఒకరు 1.90 లక్షలు, ఇంకొకరు 5,000 తీసుకుని ఇంటికి వెళ్లిన రోజు ఆ రెండోవాడి మనసులో ఏం జరుగుతుంది? అతని వైఖరి బాగాలేదని మర్నాడు ఎవరైనా అంటే అది న్యాయమేనా? తృప్తి అనేది వ్యక్తి మనసులోనే పుడుతుందని చెప్పి సంస్థలు తప్పించుకోకూడదు. న్యాయం కనిపించని చోట సానుకూల దృక్పథం మీద క్లాసులు పెట్టడం పుండు మీద కారం చల్లడమే.

అలాగని తృప్తి ఉంటే చాలు, పని దానంతటదే బాగుంటుందని కూడా అనుకోవద్దు. వందల అధ్యయనాలను కలిపి 2001లో టిమోతీ జడ్జ్ బృందం వేసిన లెక్కలో ఉద్యోగ తృప్తికి, పనితీరుకు మధ్య సంబంధం ఓ మోస్తరుగానే తేలింది. హాయిగా ఉంటూ పని చేయనివాళ్లూ ఉంటారు. అసంతృప్తితోనే బండెడు పని లాగేవాళ్లూ ఉంటారు. మనకు కావాల్సింది రెండూ కలిసిన చోటు.

నౌకరి, ఎదుగుదల, ఇష్టం

అమెరికా పరిశోధకురాలు ఏమీ రెజెస్నీవ్‌స్కీ బృందం 1997లో ఉద్యోగులను మూడు రకాలుగా చూసింది. పనిని కేవలం జీతం కోసం చేసే నౌకరిగా చూసేవాళ్లు, మెట్లు ఎక్కే కెరీర్‌గా చూసేవాళ్లు, పనిలోనే అర్థం వెతుక్కునేవాళ్లు. ఆశ్చర్యమేమిటంటే ఒకే హోదాలో, ఒకే పని చేసేవాళ్లలో కూడా ఈ మూడు రకాలూ కనిపించారు. తర్వాత ఆమె ఆసుపత్రిలో ఊడ్చి తుడిచేవాళ్లను గమనిస్తే, కొందరు ‘నేల తుడుస్తున్నా’ అన్నారు. ఇంకొందరు ‘రోగులు కోలుకోవడానికి సాయపడుతున్నా’ అన్నారు. రెండో రకంవాళ్లు రోగి బంధువులకు దారి చూపించడం వంటి పనులు ఎవరూ చెప్పకుండానే చేసేవారు.

ఇందులో మొదటి రకం తక్కువని, మూడో రకం గొప్పని అనుకోకండి. ఎనిమిది గంటలు నిజాయితీగా డ్యూటీ చేసి, తర్వాత ఇంటికొచ్చి పిల్లలకు లెక్కలు చెప్పుకునేవాడు, సాయంత్రం వాలీబాల్ కోచింగ్ ఇచ్చేవాడు తన అర్థాన్ని పని బయట వెతుక్కున్నాడు. అందులో నామోషీ ఏముంది? చిక్కల్లా నౌకరిగా చూస్తూ నిజాయితీగా చేయకపోవడంలో, కెరీర్ కావాలంటూ మెట్టు ఎక్కే ప్రయత్నం చేయకపోవడంలో ఉంది.

మీ చేతుల్లో ఉన్నవి

ఇక ఆచరణ సంగతి. ఫారం నింపేముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. జీతం, భద్రత, ఊరికి దగ్గర, గౌరవం, నేర్చుకునే అవకాశం, ఖాళీ సమయం, నలుగురికి ఉపయోగం.. ఈ ఏడింటిని మీకు ముఖ్యమైన వరుసలో రాయండి. ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారోనని కాకుండా, నిజంగా మీకు ఏది ముందో రాయండి. తర్వాత మీరు పరుగెడుతున్న ఉద్యోగం పైన ఉన్న మూడింటిలో ఎన్ని తీరుస్తుందో చూడండి. ఒక్కటీ తీర్చకపోతే దాని కోసం మూడేళ్లు కోచింగ్‌లో గడపడం దేనికి?

ఆ ఉద్యోగం చేస్తున్న ఇద్దరితో మాట్లాడండి. చేరి ఏడాదైన ఒకరితో, పదేళ్లు దాటిన ఇంకొకరితో. ‘పని రోజు ఎట్లా గడుస్తుంది?’ అని అడగండి. దూరపు కొండలు నునుపు. దగ్గరికి వెళ్తేనే రాళ్లు కనిపిస్తాయి, ఊటలూ కనిపిస్తాయి. అమ్మాయిలకైతే ఇది మరీ అవసరం. 2019లో కేంద్రం భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షక, మేనేజ్‌మెంట్ పనుల్లో మహిళలకు పగటిపూట అనుమతి ఇచ్చింది. ‘ఆడపిల్లకు బాయి ఏంది’ అనే పాత వైఖరి ఇంకా పోలేదు కానీ, చట్టం తలుపు తీసి ఉందని గుర్తుంచుకోండి.

చేరాక మొదటి ఆరు నెలలు జాగ్రత్త. అప్పుడు ఎవరి పక్కన నిలబడితే వాళ్ల అలవాట్లే అంటుకుంటాయి. పని బాగా తెలిసిన, నోరు మంచిదైన సీనియర్‌ను వెతుక్కోండి. ‘వచ్చినమా, మస్టర్ పడ్డదా, పోయినమా’ అనే గుంపు ఎక్కడైనా ఉంటుంది. వాళ్లతో చాయ్ తాగండి, వాళ్ల పద్ధతి మాత్రం తెచ్చుకోకండి.

పని నచ్చకపోతే రెండు రకాల అయిష్టాలను విడదీయండి. పని నచ్చలేదా, పని చేసే చోటు నచ్చలేదా? చోటు అయితే మార్చుకోవచ్చు, యూనియన్‌లోనో అధికారి దగ్గరో మాట్లాడొచ్చు. పనే అయితే గడువు పెట్టుకుని వేరే దానికి సిద్ధం కండి. ఆ గడువు దాకా మాత్రం చేస్తున్న పనిని పాడు చేయకండి. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లు సరే, ఏటి మధ్యలోనే తగలేసేవాళ్లను ఏమనాలి?

ఇంట్లో పెద్దవాళ్లకూ ఒక మాట. కొడుకుకు కొలువు ఇప్పించగానే బాధ్యత తీరిపోదు. మీరు ముప్పై ఏళ్లు ఆ చీకట్లో ఎందుకు నిలబడగలిగారో, ఎవరు చేయి పట్టుకున్నారో, ఏ రోజు భయపడ్డారో కూర్చోబెట్టి చెప్పండి. ఉద్యోగంతో పాటు ఇవ్వాల్సిన అసలు వారసత్వం అది. మెడికల్ బోర్డు ఇచ్చే కాగితంలో అది ఉండదు.

ఈ ఆదివారం ఆ తెల్లకాగితం తీసి ఏడు మాటలు రాయండి. రాసినదాన్ని ఎవరికీ చూపించనక్కర్లేదు. జేబులో పెట్టుకుని సోమవారం డ్యూటీకో, క్లాసుకో వెళ్లండి.